పసుపు కళ్లం

మైదుకూరు దగ్గర కేసీ కాలువ కింద పసుపు పండించే అన్నదమ్ములు ఇద్దరు. పసుపు తవ్వి, ఉడకబెట్టి, కళ్లంలో ఆరబోసే రోజులవి. పెద్దోడు కొట్టం వాకిట్లోనే మందంగా పోశాడు. పై కొమ్ములు గలగలమన్నాయి గానీ అడుగువి మెత్తబడి బూజు పట్టాయి. అది చూసి చిన్నోడు తన పసుపును కళ్లమంతా చిన్న చిన్న మడులుగా, నడుమ బాగా ఎడం వదిలి, పలచగా పోశాడు. ప్రతి కొమ్ముకూ ఎండ తగిలింది. విరిస్తే టక్కున విరిగేది.

ఒక సాయంత్రం మబ్బు పట్టింది. కూలోళ్లు మడికొకరు నిలబడి గంపలు అందించుకోబోయారు. చెయ్యి చాపితే పక్క మనిషి అందలేదు. గంప ఎత్తుకుని మడులు చుట్టి పోవాల్సి వచ్చింది. కొన్ని గంపలు పోయిన దోవనే వెనక్కి వచ్చాయి, కొన్ని నడిమధ్యన దిగబడ్డాయి. కొట్టం చేరేలోపే సగం పసుపు తడిసింది.

తల్లి చూసి, "ఎండ తగలల్లంటే ఎడం వదలల్ల, నిజమే నాయనా. మనిషికి మనిషి అందల్ల గదా?" అంది. మరుసటేడు మడులు చిన్నవిగానే పోయించి, ఒక్కో మడి కొసను పక్కదాని కొసకు కలిపి, కొట్టం దాకా బారులు తీర్పించింది.

నీతి: ఎంత ఖాళీ వదలాలో ఎండను మాత్రమే అడిగితే చాలదు, కొట్టానికి పోయే దోవనూ అడగాలి.

టైటానియం డయాక్సైడ్ పొరలో జరిగేదీ ఇదే. 1991లో ఓ'రీగన్, గ్రెట్జెల్ అనే శాస్త్రవేత్తలు రంగుతో పనిచేసే సౌర ఘటం కోసం మిల్లీమీటరులో వందో వంతు మందాన, ఈ ఆక్సైడు నానోరేణువులతో పొర కట్టారు. సన్నని రంధ్రాల వల్ల లోపలి ఉపరితలం వందల రెట్లు పెరిగి, అంత రంగు అంటుకుంది. ఎండ తగిలి రంగు విడిచిన ఎలక్ట్రాను మాత్రం రేణువు నుంచి రేణువుకు దాటుకుంటూ ఎలక్ట్రోడు చేరాలి. రంధ్రాలు మితిమీరితే ఒక్కో రేణువును తాకే పొరుగు రేణువులు తగ్గుతాయి, దోవ వంకరలు పోతుంది. లోపాలున్న చోటల్లా ఎలక్ట్రాను ఆగి ఆగి కదులుతుంది. ఆలస్యమైతే రంధ్రాల్లోని ద్రావణం దాన్ని లాగేసుకుంటుంది, ఆ కరెంటు మనకు దక్కదు. అందుకే పొరను సుమారు 450 డిగ్రీల సెల్సియస్ దగ్గర కాలుస్తారు. రేణువులు అంచుల దగ్గర అతుక్కుంటాయి, రంధ్రాలు పూడిపోవు.

కడప యోగి వేమన విశ్వవిద్యాలయంలో ఇదే ఆక్సైడును నానోగొట్టాలుగా మలిచి, ఎండతో నీళ్ల నుంచి హైడ్రోజన్ తీసే పరిశోధన చేశారు. గొట్టంలో ఖాళీ ఉంటుంది, గోడ వెంట దోవా తెగదు. పసుపు ఆరబోసే ఇళ్ల పిల్లలు తెలుసుకోదగ్గ పని అది.