దయగల యజమాని

మరొక మనిషిని తన ఆస్తిగా ఉంచుకొన్నవాడు, ఆ మనిషికి కడుపునిండా తిండి పెట్టి, జబ్బు చేస్తే మందిప్పించి, బిడ్డలకు చదువు చెప్పిస్తే, అతనిని ధర్మాత్ముడనవచ్చునా? మారిషస్ దక్షిణ తీరాన, సవాన్ జిల్లాలోని బెల్ ఓంబ్ర్ చెరకు ఎస్టేటు చరిత్ర ఈ ప్రశ్నను మన ముందుంచుతుంది.

1816లో ఈ ఎస్టేటు ఛార్లెస్ టెల్ఫేర్ చేతికి వచ్చింది. ఐర్లండులో పుట్టిన ఈయన వైద్యుడు, వృక్షశాస్త్రంలో ఆసక్తి గలవాడు. పాంప్లెమూస్ ఉద్యానవనాన్ని కొంతకాలం పర్యవేక్షించాడు. ఆయన ఇక్కడినుంచి ఇంగ్లండుకు పంపిన అరటి మొక్కలే అక్కడ ఒక ప్రభువు తోటకు చేరి, ఆ వంశం పేరున కావెండిష్ అరటి అయినాయి. నేడు మన పిల్లలు తినే పండులోనూ ఆ పేరు నిలిచి ఉంది.

అదే టెల్ఫేర్ బెల్ ఓంబ్ర్‌లో బానిసలకు యజమాని. అక్కడి బానిసలను క్రూరంగా చూస్తున్నారని లండనులోని బానిసత్వ వ్యతిరేకులు ఆరోపించగా, 1830లో పోర్ట్ లూయీలో ఆయన ఒక గ్రంథమే అచ్చు వేయించి సమాధానమిచ్చాడు. తన ఎస్టేటులోని బడిని, వైద్యసదుపాయాన్ని, తిండిని అందులో వర్ణించాడు.

ఆయన వ్రాసినదంతా నిజమే అనుకొందాము. అక్షరం నేర్చిన బిడ్డకు ఆ అక్షరం మేలే చేసింది, దానిని కాదనలేము. కాని దయ ఇచ్చేవాని మనసును అంటిపెట్టుకొని ఉంటుంది. 1833లో టెల్ఫేర్ మరణించాడు. ఆయన ఇచ్చినదానిని కొనసాగించుమని తరువాతి యజమానిని అడిగే అధికారం ఆ బానిసలలో ఎవరికీ లేదు. హక్కుకు, దయకు ఉన్న తేడా ఇదే. అంతకన్న పెద్ద దోషం మరొకటి ఉన్నది: ఆ దయ బానిసత్వం తరఫున సాక్ష్యమిచ్చింది. బడిని చూపి సంకెలను సమర్థించినప్పుడు, బడి కూడా సంకెలలో ఒక కడియమే అవుతుంది.

బానిసలు తమ మాటను గ్రంథంగా అచ్చు వేయించుకోలేదు. బెల్ ఓంబ్ర్‌కు పడమరగా నిలిచిన ల మోర్న్ పర్వతం మాత్రం, ఎస్టేట్లనుండి పారిపోయిన బానిసలకు ఆశ్రయమిచ్చిన చోటుగా నేటికీ వారి పక్షాన పలుకుతున్నది.

1835లో బానిసత్వం రద్దయినప్పుడు, బ్రిటిషు ప్రభుత్వం ఈ ద్వీపపు యజమానులకు 20 లక్షల పౌండ్లకు పైగా పరిహారం చెల్లించింది. విముక్తులైనవారికి ఏమీ దక్కలేదు. పైగా 1839 వరకు శిక్షణ అనే పేరుతో పాత యజమానుల వద్దనే పనిచేయవలసి వచ్చింది.

ఆ పొలాలలోకే మన పూర్వులు వచ్చారు. 1834 నుండి దాదాపు ఐదు లక్షలమంది ఒప్పందపు కూలీలు ఈ తీరాన దిగారు. వారిలో కోరంగి, విశాఖ ప్రాంతాల తెలుగువారూ ఉన్నారు. వారు బానిసలు కారు. కూలి ఉంది, గడువు ఉంది. అయినా అనుమతి చీటీ లేక ఎస్టేటు దాటితే నేరమయ్యేది. తరువాతి కాలంలో ఎస్టేట్లు భూమిని ముక్కలుగా అమ్మినప్పుడు, కూడబెట్టిన సొమ్ముతో ఎందరో భారతీయులు భూమి కొన్నారు. అట్లు కూలీల మనుమలు యజమానులయ్యారు.

కనుక ఈ ప్రశ్న టెల్ఫేర్‌తో ముగియదు. నేడు మన పొలాలలో, కర్మాగారాలలో, ఇండ్లలో పరదేశపు కూలీలు పనిచేస్తున్నారు. “ఇంటి మనిషిలా చూసుకొంటున్నాము” అని మనము తృప్తిపడతాము. ఆ మాట నిజమే కావచ్చును. కాని ఆ మనిషి పాస్‌పోర్టు ఎవరి పెట్టెలో ఉంది? సెలవు అతడు అడిగి పుచ్చుకోవలసిన వరమా, అతనికి చెందిన దినమా? పని మానుకొని పోవాలనుకొంటే పోగలడా?

బెల్ ఓంబ్ర్‌లో నేడు హోటళ్లు, గోల్ఫు మైదానం ఉన్నాయి. అక్కడికి వెళ్లిన మన పిల్లలకు సముద్రాన్ని, ల మోర్న్‌ను చూపుదాము. టెల్ఫేర్ మంచితనాన్నీ దాచకుండా చెబుదాము. న్యాయం చేసిన తరువాత చూపే దయ గొప్పది. న్యాయానికి బదులుగా చూపే దయ, ఎంత మెత్తనిదైనా, తీర్చని బాకీయే.