నొప్పి తెలియని చేయి

ధ్యాన భాగము: 1 కొరింథీయులకు 12:14-27



పౌలు అపొస్తలుడు సంఘమును శరీరముతో పోల్చిన సంగతి మనమందరము ఎరుగుదుము. చేయి లేకున్నను నాకు గడచునని కన్ను తలంచినయెడల అది దాని అవివేకమే. ఈ భాగము మీద ప్రసంగములు ఎన్నో వినియున్నాము. అయితే 26వ వచనము నొద్ద మనము నిలువకుండ దాటిపోవుచుందుము. ఒక అవయవమునకు కలిగిన నొప్పి తక్కిన అవయవములన్నిటిదియు నగునని అపొస్తలుడు అక్కడ చెప్పుచున్నాడు. సంఘములో చేరియుండుట యనగా నేమో ఈ మాటలోనే యున్నది. రిజిష్టరులో పేరుండుటతోను, ఏటేట చందా చెల్లించుటతోను అది ముగియదు. మన నొప్పి ఇతరులకు తెలియవలెను. ఇతరుల నొప్పి మనకు తెలియవలెను.

వరికోతలో కొడవలి వ్రేలికి తగిలినదనుకొనుడి. వెంటనే నోరు కేకవేయును, రెండవ చేయి వచ్చి గాయమును అదిమి పట్టుకొనును, కన్ను గుడ్డపీలిక కొరకు వెదకును, కాళ్లు గట్టువైపు నడచును. వీటిలో దేనికిని ఎవరును కబురు పంపనక్కరలేదు. అవి ఒకే శరీరము గనుక వాటికి తెలియును.

ఆ నొప్పి తెలియకపోయినచో ఏమగును? ఈ ప్రశ్నకు మన సాలూరు చరిత్రలోనే జవాబు కలదు. ఈ పట్టణములో కుష్ఠురోగుల కొరకు వెలసిన క్రైస్తవ ఆసుపత్రికి ఫిలదెల్ఫియ యని పేరు. గ్రీకు భాషలో ఆ మాటకు సహోదర ప్రేమ యని అర్థము. ప్రకటన గ్రంథము 3వ అధ్యాయములో ప్రభువు లేఖ వ్రాయించిన ఏడు సంఘములలో ఒకటి ఆ పేరుగల పట్టణములోనిదే. దానికున్న బలము కొంచెమే. అయినను అది ప్రభువు నామమును విడువలేదు. ఇంటివారును ఊరివారును దూరముగా ఉంచిన రోగులు ఎందరో సాలూరు ఆసుపత్రిలో సహోదరులుగా ఎంచబడి చికిత్స పొందిరి.

ఈ వ్యాధి వ్రేళ్లను తినివేయునని పూర్వము జనులు తలంచెడివారు. వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో 1946 నుండి పనిచేసిన డాక్టరు పాల్ బ్రాండుగారు రోగుల చేతులను కాళ్లను శ్రద్ధగా పరీక్షించి, నష్టమునకు ముఖ్య కారణము వేరని చూపిరి. వ్యాధి నరములను చెరుపగా చర్మమునకు స్పర్శ పోవును. అప్పుడు ఆ మనుష్యుడు పొయ్యిమీది గిన్నెను వట్టిచేతితో దించును. చేయి కాలినట్టు ఎరుగడు. పాదములో ముల్లు విరిగినను నడచుచునే యుండును. గాయము కుళ్లును, ఎముక చెడును. నొప్పి లేనందువలననే అవయవము పోవును.

ఈ వ్యాధి శాపమని గాని పాపఫలమని గాని మనలో ఎవరును అనకుందురు గాక. అది సూక్ష్మక్రిమివలన కలుగు వ్యాధి. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసిన పలుమందుల చికిత్సవలన అది పూర్తిగా నయమగును. అయితే నొప్పి తెలియకపోవుటలోని అపాయమును ఆ రోగులు మనకు నేర్పిరి. ఆ పాఠము మన సంఘమునకు కావలసియున్నది.

ఎట్లనగా, ఒక విశ్వాసి మొదటి ఆదివారము గుడికి రాక ఇంట నిలిచిపోయినప్పుడు గంట మ్రోగగానే అతని మనస్సులో ముల్లు గ్రుచ్చినట్లుండును. రెండవ ఆదివారము ఆ బాధ తగ్గును. మూడు నెలలు గడచునప్పటికి గంట వినబడినను అతనికి ఏమియు అనిపించదు. నాకు సమాధానముగానే యున్నదని అతడు చెప్పును. అది సమాధానము కాదు, స్పర్శ పోవుట. సంఘమునకు కలుగునదియు ఇట్టిదే. మొదటి వారము ఆయన రాలేదేమని అడుగుదుము. నాలుగవ వారము ఆయన కూర్చుండు చోట మరియొకరు కూర్చుందురు. పిమ్మట ఆయన పేరు ప్రార్థనలోను రాదు. ఇరువైపుల నొప్పి పోయినది, ఇరువైపుల అపాయమే.

మన ప్రాంతమునకు సువార్త వచ్చినది దూరస్థుల అక్కరను తమ అక్కరగా ఎంచిన సంఘమువలననే. జర్మనీ దేశపు ఉత్తరభాగమున బ్రెక్లుమ్ అను పల్లెలో క్రిస్టియన్ జెన్సెన్ అను పాదిరిగారు 1876లో ఒక మిషనును స్థాపించిరి. అది పట్టణపు ధనవంతుల సంఘము కాదు, సేద్యగాండ్రుండు గ్రామము. వారు పంపిన తొలి మిషనరీలు 1882లో ఈ కొండప్రాంతమునకు వచ్చిరి. వారిలో ఎర్నెస్ట్ పోల్ గారు సాలూరులో నిలిచి పనిచేసిరి. మన కొండలను ఎన్నడును చూడని ఆ పల్లెవారు మన నిమిత్తము కానుకలిచ్చి ప్రార్థించిరి.

తరువాత 1914లో మొదటి ప్రపంచయుద్ధము సంభవించెను. జర్మను మిషనరీలు శత్రుదేశస్థులుగా ఎంచబడి, నిర్బంధింపబడి, స్వదేశమునకు పంపివేయబడిరి. పోషించిన చేయి ఒక్కసారిగా తీసివేయబడినట్లాయెను. అయినను శరీరము చావలేదు. ఆంధ్రదేశములోని అమెరికా లూథరను సహోదరులు ఆ భారములో పాలుపంచుకొనిరి. 1928లో జయపురము ఎవంజెలికల్ లూథరన్ సంఘము ఏర్పడెను. ఒక అవయవము బలహీనమైనప్పుడు వేరొక అవయవము దాని పని ఎత్తుకొనెను.

ఇప్పుడు కొందరు అడుగుదురు: ఇంట ప్రార్థన చేసికొనిన దేవుడు వినడా? సెల్ ఫోనులో మంచి ప్రసంగములు వచ్చుచుండగా గుడికి ఏల? దేవుడు తప్పక వినును. మంచము పట్టినవారికిని నడువలేనివారికిని ఆ ప్రసంగములు మేలే చేయును. కాని ఫోనులోని ప్రసంగికునికి మీ ఇంట జ్వరముతో పడియున్న బిడ్డ సంగతి తెలియదు. మీరు వినుట మానినను ఆయనకు లోటు తెలియదు. ప్రభువు బల్లయొద్ద ఒకే రొట్టెలో పాలుపొందిన పొరుగువానికే అది తెలియవలెను.

మరికొందరు నొచ్చుకొని దూరమైనవారు. సంఘపెద్ద ఒక మాట అనెను. పెండ్లిలో మర్యాద జరుగలేదు. లెక్కలలో అనుమానము వచ్చెను. ఇవి చిన్నవని మేము అనము. నిజమైన అన్యాయము జరిగినచో దానిని సభలో సత్యముతో విచారించి సరిచేయవలసినదే. అయితే గాయపడిన వ్రేలు శరీరమును విడిచి బాగుపడదు. వ్రేలు నొచ్చినదని గుర్తింపని శరీరమును ఆరోగ్యమైనది కాదు.

తోమాను జ్ఞాపకము చేసికొనుడి (యోహాను 20:24-29). పునరుత్థానదినమున శిష్యులు కూడియుండగా అతడు లేడు. శిష్యులు అతని వెదకి ప్రభువును చూచితిమని తెలిపిరి. అతడు నమ్మలేదు. అయినను వారు వానిని వెలివేయలేదు, అతడును వారిని విడువలేదు. ఎనిమిది దినములైన పిమ్మట అతడు వారితో లోపలనుండెను. సందేహముతోనే వచ్చి కూర్చుండిన వానికి ప్రభువు అక్కడనే తన గాయములను చూపెను.

మార్కు 1వ అధ్యాయములోని కుష్ఠురోగిని ప్రభువు ముట్టి బాగుచేసి, యాజకునికి కనబరచుకొనుమని పంపెను. పాళెము వెలుపల నివసించినవాడు తిరిగి జనులలో చేర్చబడవలెనని ధర్మశాస్త్రము ఏర్పరచిన మార్గమది. దేహము బాగుపడిన తరువాత తనవారిలో చేరవలసిన పనియు ఉండెను. మనలను లోపల చేర్చుటకై ఆ ప్రభువే గవిని వెలుపల శ్రమపడెనని హెబ్రీ పత్రిక 13వ అధ్యాయము బోధించుచున్నది.

కాబట్టి ప్రియులారా, ఈ నెల మూడు పనులు చేయుదము. ఆరాధన ముగిసిన తరువాత రాని వారెవరో తలంచి, చీకటి పడకమునుపే ఒక ఇంటికి వెళ్లుదము. ఎందుకు రాలేదని నిలదీయక, ఎట్లున్నారని అడుగుదము. మన సాలూరు లారీల ఊరు. డ్రైవరు పనిమీద దినములకొలది బయటనుండువారిని, కూలికి విశాఖపట్టణము, హైదరాబాదు వెళ్లినవారిని పేరుపేరున ప్రార్థనలో తలంచి, వారి ఇండ్లను కనిపెట్టి చూతము. కొండమీది గూడెములలో ఒంటరిగానున్న విశ్వాసి కుటుంబములు సంతకు దిగివచ్చినప్పుడు వారిని మన ఇంటికి పిలిచి భోజనము పెట్టుదము.

మీలో ఎవరైనను చాలకాలముగా దూరముగానుండి ఈ పత్రికను చదువుచున్నయెడల, మీ చోటు ఇంకను మీదే. మీరు లేనందువలన మనకు లోటు కలదు.

ప్రార్థన: సంఘమునకు శిరస్సైన ప్రభువా, మా మొద్దుబారిన హృదయములకు స్పర్శ నిమ్ము. మా సహోదరుని నొప్పి మాకు తెలియనిమ్ము. దూరమైనవారిని చేర్చుము, చేర్చుకొను ప్రేమను మాకు దయచేయుము. ఆమేన్.