లోపలికి దారి ఉన్న వస్తువులు

పాత బండి మీద, పాత గడియారం మీద మోజును గతం మీది బెంగగా తీసిపారేయడం మనకు అలవాటైపోయింది. ఈ వివరణలో ఒక చిక్కుంది. ఆ గతాన్ని చూడనివాళ్లే ఇవాళ ఆ వస్తువుల వెంట పడుతున్నారు. 2021లో మోహన భోగరాజు పాడిన ‘బుల్లెట్టు బండి’ పాట తెలంగాణ పెళ్లి బరాతుల్లో మోగినప్పుడు దానికి ఆడిన పిల్లల్లో చాలామంది పాతకాలపు బుల్లెట్‌ను ఎక్కి ఎరగరు. హెచ్‌ఎంటీ గడియారాల కంపెనీని మూసేయాలని కేంద్రం 2016లో నిర్ణయించాక, కీ ఇచ్చే ‘జనతా’ కోసం వెతుకుతున్నవాళ్లలో సెల్‌ఫోన్‌లోనే టైము చూస్తూ పెరిగిన కుర్రాళ్లున్నారు. అమెరికాలో 2020లో గ్రామఫోన్ రికార్డుల అమ్మకాల విలువ సీడీలను దాటింది. 1980ల తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. ఆ కొన్నవాళ్లందరూ ముసలివాళ్లే అనుకోలేం. అనుభవించని కాలం మీద బెంగ ఎలా పుడుతుంది? నాకు తోచిన జవాబు ఇది: ఆ వస్తువులు తమ పనితనాన్ని మన కళ్లముందు పెడతాయి. మన చెయ్యి చేసినదానికీ, అవి చేసి చూపేదానికీ మధ్య ఉన్న దారి తెరిచి ఉంటుంది. జనం వెతుక్కుంటున్నది ఆ దారినే.

బుల్లెట్‌నే తీసుకుందాం. ఇంగ్లండులోని రెడిచ్‌లో పుట్టిన ఈ బండిని 1950ల మొదట్లో భారత సైన్యం సరిహద్దు గస్తీకి ఎంచుకుంది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. పుట్టినచోట కంపెనీ మూతపడినా ఇక్కడ దాదాపు అదే ఇంజను అరశతాబ్దం పైగా తయారవుతూ వచ్చింది. ఆ పోత ఇనుము ఇంజనును లేపడానికి ఒక వరస ఉంది. హెడ్‌లైటు మీదున్న ఆంపియర్ మీటరు ముల్లును చూస్తూ కిక్కర్‌ను మెల్లగా తొక్కాలి. ముల్లు మధ్యకొచ్చి నిలబడితే నిప్పురవ్వను పుట్టించే పాయింట్లు విడివడ్డాయని, పిస్టన్ పైకంటా వచ్చిందని లెక్క. అప్పుడు ఎడమచేతి దగ్గరున్న చిన్న డీకంప్రెషర్ లివర్ నొక్కి, సిలిండర్‌లో బిగిసిన గాలిని పోనిచ్చి, కిక్కర్‌ను మరికాస్త దించాలి. లివర్ వదిలేసి, కిక్కర్‌ను పైకి రానిచ్చి, ఒంటి బరువంతా వేసి కొట్టాలి. వరస తప్పితే బండి మొరాయిస్తుంది. ఒక్కోసారి కిక్కర్ ఎదురుతన్ని కాలు వాచిపోతుంది. ఈ నాలుగు కదలికల్లో గాలి బిగియడం, నిప్పురవ్వ పుట్టడం, పిస్టన్ ఎక్కిదిగడం అన్నీ కాలికి తెలుస్తాయి. బడిలో పాఠంగా చదివితే తలకెక్కనిది పాదానికి ఎక్కుతుంది. ఆ శబ్దం సంగతీ అంతే. 350 సీసీ ఇంజనులో సిలిండర్ వ్యాసం 70 మిల్లీమీటర్లు, పిస్టన్ నడిచే దూరం 90. పొడుగాటి నడక, దానికి తోడు బరువైన ఫ్లైవీల్. నిలబడి ఉన్నప్పుడు ఇంజను చాలా నెమ్మదిగా తిరిగినా ఆగిపోదు. అందుకే ఒక్కో పేలుడూ విడివిడిగా చెవినపడుతుంది. మనం ‘డుగుడుగు’ అని మురిసిపోయేది ఇంజను తన పనిని తాను లెక్కపెట్టుకోవడాన్ని. చెవి పెట్టి ఆ లెక్క తప్పిందని పసిగట్టే మెకానిక్, ప్లగ్గు విప్పి దాని మీది మసిని చూసి పెట్రోలు పాలు ఎక్కువైందని చెప్పే మెకానిక్ మన ప్రతి మండల కేంద్రంలోనూ ఉండేవాడు. అతని చదువంతా ఆ యంత్రమే చెప్పింది.

ఫ్రెంచి తత్త్వవేత్త జిల్బెర్ సిమోందోఁ 1958లో సాంకేతిక వస్తువుల ఉనికి మీద ఒక గ్రంథం రాశాడు. యంత్రాన్ని సంస్కృతికి బయట నిలబెట్టి, వాడుకోవడమే తప్ప అర్థం చేసుకోవడం మానేశామన్నది ఆయన బాధ. ఆ రోజుల్లో చాలా రేడియోల వెనక చెక్క తీస్తే లోపల ఆ రేడియో సర్క్యూట్ బొమ్మే అతికించి ఉండేది. విప్పేవాడు ఒకడు వస్తాడని, వాడికి ఆ బొమ్మ అక్కరకొస్తుందని తయారుచేసినవాడికి తెలుసు. దీని పక్కన 2017 డిసెంబరు నాటి సంగతి పెట్టి చూడండి. బ్యాటరీ పాతబడిన ఐఫోన్ల వేగాన్ని సాఫ్ట్‌వేర్‌తో తగ్గిస్తున్నామని ఆపిల్ అప్పుడు ఒప్పుకుంది, క్షమాపణ చెప్పి బ్యాటరీ మార్పిడి ధరను 79 డాలర్ల నుంచి 29కి దించింది. ఫోన్ ఉన్నట్టుండి ఆరిపోకుండా ఉండడానికే అలా చేశామన్నారు. కారణం సబబైనదే కావచ్చు. నన్ను కలతపెట్టేది వేరే. అంతకాలం ఆ ఫోన్లు వాడినవాళ్లకు తమ చేతిలోని వస్తువు ఎందుకు నెమ్మదించిందో తెలుసుకునే దారే లేదు. బ్యాటరీ మారిస్తే సరిపోయేదానికి కొత్త ఫోన్ కొనుక్కున్నవాళ్లు తప్పకుండా ఉంటారు. కారణం మరుగున పడితే డబ్బు పోవడంతో ఆగదు. నా వస్తువు గురించి నేను ఆలోచించగలనన్న నమ్మకం పోతుంది.

దీనికి అభ్యంతరాలు బలమైనవే ఉన్నాయి. పాతవాటిలో మంచివే మిగిలాయి, చెత్తంతా ఎప్పుడో తుక్కులో కలిసింది కనుక పాతకాలం గొప్పగా కనిపిస్తోందని అంటారు. నిజమే. ఎంపిక లేకపోవడాన్ని సరళత అనుకుంటున్నామనీ అంటారు. అదీ చాలామటుకు నిజమే. చేతక్ స్కూటర్ కోసం ఏళ్ల తరబడి ఎదురుచూసిన ఇళ్లలో దాన్ని ఎవరూ సౌందర్యదృష్టితో కొనలేదు. టూ స్ట్రోక్ ఇంజన్ల పొగ మన ఊపిరితిత్తుల్లోకే వెళ్లింది. 125 సీసీ దాటిన కొత్త బండ్లలో ఏబీఎస్ 2019కి, చాలామటుకు కొత్త బండ్లలో ఫ్యూయల్ ఇంజెక్షన్ 2020కి వచ్చాయంటే అవి కాపాడిన ప్రాణాలను, తగ్గించిన పొగను పక్కనపెట్టి మాట్లాడడం అన్యాయం. ఇంకో మాట కూడా చెప్పాలి. ఒంటి బరువంతా వేసి కొడితేగాని కదలని బండి సగం లోకాన్ని వెనక సీటులోనే కూర్చోబెట్టింది. మీట నొక్కితే లేచే ఇంజను ఆడవాళ్ల చేతికి హ్యాండిల్ ఇచ్చింది. ఆ కిక్కర్ మళ్లీ రావాలని నేను కోరుకోను. అయితే ఈ మేళ్లలో ఏదీ యంత్రం మూసుకుపోవాలని అడగలేదు. శుభ్రమైన ఇంజనుకు సెన్సర్లు కావాలి. ఆ సెన్సర్లు చెప్పేది బండి యజమానికి వినపడకూడదన్న షరతు భౌతికశాస్త్రంలో ఎక్కడా లేదు. అది తయారీదారు ఎంచుకున్న పద్ధతి.

జనానికి విప్పే ఓపిక లేదు, కావలసింది రూపమేనన్నది మరో వాదన. సాక్ష్యమూ దొరుకుతుంది. పాత ఇంజను పక్కకు తప్పుకుంటున్న రోజుల్లోనే, 2009లో, 1950ల నాటి ఒంపులతో వచ్చిన క్లాసిక్ 350 ఎన్‌ఫీల్డ్ దశ తిప్పింది. 2020లో చేతక్ కరెంటు బండిగా తిరిగొచ్చింది. పాత ట్రాన్సిస్టర్‌లా కనిపించే సరిగమ కారవాన్ 2017లో వచ్చి 5000 పాటలతో ఇళ్లల్లోకి చేరింది. వీటిని ఒకే గాటన కట్టడం నాకు ఇష్టం లేదు. కారవాన్ లోపల ఉన్నది చిప్పే అయినా, దాని గుండ్రటి నాబ్ తిప్పితే గాయకుడు మారతాడు, అంతే. పాటలకు ఒక హద్దుంది, నాబ్‌కు ఒక పని ఉంది. మెనూలు వెతుక్కోలేని పెద్దవాళ్లు దాన్ని దగ్గరికి తీసుకున్నారంటే, రూపం ఇచ్చిన మాటను వస్తువు నిలబెట్టుకున్నందుకే. పాత పెట్రోలు ట్యాంకు ఆకారం కూడా ఒక మాట ఇస్తుంది: ‘నన్ను నువ్వే చూసుకోవచ్చు’ అని. దాని కిందున్న కంట్రోల్ యూనిట్ కంపెనీ వర్క్‌షాపు కంప్యూటర్‌తో తప్ప పలకకపోతే ఆ మాట వట్టిదవుతుంది. కొనేవాళ్లను తప్పుపట్టలేం. ఆకలి అసలైనదే, దానికి దొరుకుతున్నదే సగం.

యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన బ్యాటరీల చట్టం, చిన్న పరికరాల బ్యాటరీని వాడేవాడే తీసి మార్చుకునేలా ఉండాలంటోంది. 2027 ఫిబ్రవరి నుంచి ఆ నియమం అమలులోకి వస్తుంది. మన దేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022లో మరమ్మతు హక్కు కోసం ఒక పోర్టల్ తెరిచింది. అందులో కంపెనీలు తమ మాన్యువళ్లను, విడిభాగాల వివరాలను పెట్టాలన్నది ఉద్దేశం. రేడియో చెక్క వెనక అడగకుండానే అతికించి ఇచ్చిన కాగితం కోసం ఇప్పుడు ప్రభుత్వాలు అడగవలసి వస్తోంది. వింటేజ్ బండ్లకు ‘వీఏ’ నంబర్లిచ్చి కాపాడుకుంటున్నాం, సంతోషమే. కానీ ఆ బండ్ల మీద మనకున్న ప్రేమకు అసలు పని కరెంటు స్కూటర్ల దగ్గరుంది. కరెంటు మోటారు పెట్రోలు ఇంజను కన్నా చాలా సరళమైనది, కదిలే భాగాలు తక్కువ. బండి ధరలో పెద్ద వాటా బ్యాటరీదే. అందులో ఒక్క వరస సెల్స్ చచ్చిపోతే కరీంనగర్‌లోనో తెనాలిలోనో ఉన్న మెకానిక్ ఆ వరస ఏదో చూసి, ప్రమాదం లేకుండా దాన్ని మాత్రమే మార్చగలడా, లేక మొత్తం ప్యాక్ కొనాల్సిందేనా అన్నది ఆ బ్యాటరీ పెట్టెను గీస్తున్న ఇంజనీరు ఈ సంవత్సరాల్లోనే తేల్చేస్తాడు. షోరూములో బండి రంగు గురించి అడిగే మనం ఆ పెట్టెకు మరలు ఉన్నాయా, జిగురుతో మూసేశారా అని కూడా అడగవచ్చు.