కనిపెట్టుచున్న సంఘము

(ధ్యానమునకు: 130వ కీర్తన, యిర్మీయా 32:1–15)



ఆగమనకాలము మరల వచ్చినది. ప్రభువు బేత్లెహేమునకు శిశువుగా వచ్చిన రాకడను, మహిమతో మరల రానున్న రాకడను ఈ నాలుగు ఆదివారములు మనము తలపోయుదుము. ఈ దినములలో మన పని యేమి? 130వ కీర్తన వ్రాసిన భక్తుడు నీట మునుగుచున్నవానివలె దేవుని పిలిచెను. పిమ్మట, రాత్రి కావలివాడు తెల్లవారుటకై కనిపెట్టునంతకంటె ఎక్కువగా తాను ప్రభువుకొరకు కనిపెట్టుచున్నానని చెప్పుకొనెను.

కనిపెట్టుట అను ఈ మాటయొద్ద కొంచెము ఆగుదము. బడిపిల్లల నడిగినచో కనిపెట్టుట అనగా క్రొత్త యంత్రమును కనుగొనుట అందురు. వారి పుస్తకములో అదియే యున్నది. మన యిండ్లలో వేరొక అర్థము గలదు. "నేను నీళ్లు తెచ్చువరకు బిడ్డను కనిపెట్టుకొని యుండుము" అని తల్లి అనును. చేను కనిపెట్టుదుము, మంచమున పడిన అత్తను కనిపెట్టుదుము. ఎదురుచూచుటయు కాపాడుటయు ఈ యొక్క మాటలోనే ఇమిడియున్నవి. ప్రభువుకొరకు ఎదురుచూచుచున్నామని పాడి, ప్రక్క యింటివానిని కనిపెట్టనివాడు ఈ మాటలో సగమే నేర్చుకొన్నాడు.

మునిగినవాని మొర యెట్టిదో హైదరాబాదు పాతబస్తీ ఎరుగును. మన సంఘములనుండి తాపీపనికి, ఇండ్లలో పనికి పోయిన కుటుంబములు అక్కడ అద్దె గదులలో నున్నవి గనుక ఆ ఊరి సంగతి మనకు పరాయిది కాదు. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి నగరముమీద పడెను. సుమారు 15,000 మంది చనిపోయిరని లెక్క. పాతబస్తీకి ఎదురుగా, నదికి ఉత్తరపు గట్టున, అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టుండెను. దాదాపు 150 మంది దానిమీదికి ఎక్కి, నీరు తీయువరకు కొమ్మలను పట్టుకొని బ్రతికిరి. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నున్నది. చింతచెట్టు మనకు తెలియనిదా? దానిమీద అంతమంది నిలుచుట సులభము కాదు. పైకొమ్మ దొరికినవాడు జారుచున్నవాని చేయి పట్టుకొనకపోయినచో అందరు మిగిలియుండరని మాకు తోచుచున్నది. నీ మతమేమి, నీ కులమేమి అని అడుగుటకు అక్కడ తీరికెక్కడిది!

అయితే చెట్టు పట్టుకొని బ్రతుకుటతో ఆ కథ తీరిపోలేదు. 1909లో మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చి, నదిని పైననే ఆపవలెనని, అందుకు జలాశయములు కట్టవలెనని సలహా యిచ్చిరి. 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియాయెను. వరదనాడు ఏలుచుండిన నిజాము మీర్ మహబూబ్ అలీఖాను 1911లోనే గతించెను గనుక వీటిలో ఒకదానినైనను చూడలేదు. మట్టి మోసిన కూలీలలో ఎందరు చూచిరో! తమ బిడ్డల యిండ్లు మునుగకుండుటకై వారు మోసిరి.

యిర్మీయా ప్రవక్త చేసినదియు ఇట్టిదే. బబులోను సైన్యము యెరూషలేమును చుట్టుకొని యున్నది, ప్రవక్త చెరసాలలో నున్నాడు. అట్టి సమయమున పినతండ్రి కుమారుడు వచ్చి అనాతోతులోని చేను కొనుమనెను. రేపు శత్రువు పాలగు చేను ఎవడు కొనును? ప్రవక్త 17 తులముల వెండి తూచి యిచ్చి, సాక్షులను పిలిచి, పత్రమును మట్టికుండలో భద్రపరచుమని బారూకుతో చెప్పెను. నిరీక్షణ యనగా ఇదియే. ఆశకు ఖర్చులేదు, అది పగటికలవలె వచ్చి పోవును. నిరీక్షణగలవాడు చేతిలోని వెండి తూచియిచ్చును.

చెరువులు కట్టినను నీటి భయము తీరలేదు. 2020 అక్టోబరులో కురిసిన వానలకు బాలాపూరు దగ్గరి గుర్రంచెరువు కట్ట తెగి పాతబస్తీ వాడలు మునిగెను. చెరువుగర్భములో ఇండ్లు కట్టినచో నీరెక్కడికి పోవును? ఆ దినములలో మా సంఘపు కుటుంబమొకటి క్రింది గదిలో నుండెను. ఇంటి యజమానురాలైన ముస్లిము తల్లి వారిని మేడమీదికి పిలిచి, మూడు రాత్రులు తన పొయ్యిమీదనే వారికిని వండినది. ఆ ఏడు క్రిస్మసుకు ఊరికి వచ్చినప్పుడు ఆ యిల్లాలు మాతో, "అయ్యగారూ, ఆ తల్లి మమ్ములను కన్నబిడ్డలవలె కనిపెట్టుకొన్నది" అనెను. ఆమె కీర్తన చదువుట మేము వినలేదు, ఆ మాట మాత్రము కీర్తనలోనిదే వాడినది.

ఇక మన సంగతి. ప్రతి సంవత్సరము పండుగకు రానివారు కొందరున్నారు. సెలవు దొరకలేదని ఫోనులో చెప్పుదురు. మేము నెమ్మదిగా అడిగినప్పుడు అసలు మాట బయటపడును: పిల్లలకు క్రొత్తబట్టలు కొనలేదు, అప్పు తీరలేదు, బస్సు దిగగానే "ఏమి తెచ్చినావురా?" అని అడుగుదురు. ఆ ప్రశ్నకు సిగ్గుపడి ఒక యౌవనస్థుడు కన్నతల్లి ముఖము చూడక పండుగరాత్రి అద్దె గదిలో పండుకొనుచున్నాడనిన, మన దేవాలయముమీది నక్షత్రము ఎవరికి దారి చూపుచున్నది? గొల్లలు మందయొద్దనుండి వచ్చినవారు వచ్చినట్లే తొట్టియొద్దకు వచ్చిరి. వారి బట్టలు ఎవరును చూడలేదు.

కొడుకులు పట్టణమునకు పోగా ఇక్కడ మిగిలిన వృద్ధులున్నారు. వరికోతలు ముగిసి ధాన్యము అమ్మిన యిండ్లలో కొంత డబ్బు ఆడుచున్నది. దానితో దీపాలంకరణ ఘనముగా జరుపవలెనని యువజనులకు ఉత్సాహము. ఉత్సాహమును మేము ఆర్పము. అలంకరణ చందాలో సగము మాత్రము వేరుగా ఉంచుమని పెద్దలతో చెప్పియున్నాము. మందులు కొనలేని ముసలివారికిని, బస్సు చార్జీలేక ఆగిపోయినవారికిని అది అందవలెను. ఇచ్చినవారి పేరు గాని పుచ్చుకొన్నవారి పేరు గాని దేవాలయములో చదువబడదు. పేరు చదివినచో చందా పెరుగునని ఒక పెద్ద అనెను. పెరుగును నిజమే, కాని పుచ్చుకొనువాడు రాడు.

రెండవ ఆదివారము ఆరాధన కాగానే ప్రతి యింటివారును పట్టణములోనున్న తమవారి పేరు, ఫోను నంబరు వ్రాయించవలెను. తల్లిదండ్రులు లేనివారికి సంఘపెద్దలే ఫోను చేసి పిలుతురు. ఒంటరి వృద్ధుల యిండ్లను స్త్రీల సమాజమువారు వంతులు వేసికొని చూచెదరు. ఈ ఏడు పాటల బృందము పెద్దల వాకిట మొదలుపెట్టక, ఎవరును ఇంటికి రాని వాకిట మొదలుపెట్టును. డిసెంబరు 24న హైదరాబాదు కడపటి బస్సు వచ్చుసరికి చీకటిపడును గనుక, రోడ్డునుండి ఊరిలోనికి నడిచివచ్చు పిల్లలు, స్త్రీలకొరకు ఇద్దరు యౌవనస్థులు టార్చిలైట్లతో రావిచెట్టుక్రింద ఉండవలెను. పేర్లు మాకు ఇయ్యుడి.