ఒక దినపు ప్రయాణం



పాస్క పండుగకు యెరూషలేము వెళ్ళి తిరిగి వస్తున్న మరియమ్మ, జోజప్ప గార్లను పునీత లూకా గారు మనకు చూపిస్తున్నారు (2:41-52). పండ్రెండేళ్ళ బాలుడు తమ బృందంలోనే ఎక్కడో ఉన్నాడనుకొని వారు ఒక దినమంతా నడిచారు. లేడని తెలిసిన తరువాతే వెనుకకు తిరిగారు.

ఆ ‘ఉన్నాడనుకోవడం’ దగ్గర కొంచెం ఆగుదాం. కాలేజీకి పంపిన బిడ్డల విషయంలో మన ప్రయాణం ఒక దినంతో ముగియడం లేదు. రెండేళ్ళు, మూడేళ్ళు సాగుతున్నది.

ఒక తల్లి తన కుమారుడు ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలోకి వచ్చాడని కృతజ్ఞతా పూజ చెప్పించింది. ఆ వారంలోనే కుర్రవాడు ఒంటరిగా వచ్చాడు. (ఇది పాపసంకీర్తనంలో విన్నది కాదు. అతని అనుమతితోనే వ్రాస్తున్నాను.) “ఫాదర్, నాకు ఏడు బ్యాక్‌లాగ్‌లు ఉన్నాయి. ఇంట్లో తెలియదు” అన్నాడు.

“ఎందుకు చెప్పలేదు బాబూ?”

“మొదటిసారి ఒక సబ్జెక్టు పోయినప్పుడు చెప్పాను ఫాదర్. నాన్నగారు రెండు రోజులు అన్నం ముట్టలేదు. ఫీజు కోసం చేసిన అప్పు గురించీ, పెదనాన్నగారి అబ్బాయి మార్కుల గురించీ మాట్లాడారు. ఆ తరువాత చెప్పబుద్ధి కాలేదు.”

ఆ తండ్రి చెడ్డవాడు కాడు. బిడ్డ చదువు కోసం తన ఒంటిని అరగదీసుకున్నవాడు. అయితే ఒక సబ్జెక్టు దగ్గర తలుపు మూసుకుంది. మిగతా ఆరు ఆ తలుపు బయటే పోగయ్యాయి.

ఇంటర్మీడియెట్‌లో వారం వారం పరీక్షలు పెట్టి వెంటపడే అధ్యాపకులుంటారు. డిగ్రీలో, ఇంజనీరింగ్‌లో అలా వెంటపడేవారు తక్కువ. ఇంటర్‌లో మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలు కూడా మొదటి సెమిస్టర్‌లోనే తడబడతారు. హైదరాబాదు జె.ఎన్.టి.యు. నిబంధనలే చూడండి: 75 శాతం హాజరు ఉండాలి. అనారోగ్యం వంటి కారణం చూపితే 65 వరకు మన్నిస్తారు. అంతకన్నా తగ్గితే పరీక్షకు కూర్చోనివ్వరు, ఆ సెమిస్టర్ మళ్ళీ చదవాలి. కాబట్టి ఫలితాలు వచ్చాక కోప్పడటం కంటే, రెండో నెలలోనే “హాజరు ఎంత ఉంది నాన్నా? ఏ సబ్జెక్టు అర్థం కావడం లేదు? లెక్చరర్ గారిని అడిగావా?” అనడం మేలు.

“మేము ఏడో తరగతి దాటలేదు ఫాదర్, మాకేం తెలుస్తుంది?” అని చాలామంది అంటారు. దేవాలయంలో బాలయేసు ఇచ్చిన జవాబు ఆయన తల్లిదండ్రులకూ అర్థం కాలేదని లూకా గారు దాచకుండా వ్రాశారు. అయినా తల్లి అడిగింది. తాము పడిన వేదన చెప్పింది. తరువాత ముగ్గురూ కలిసే నజరేతుకు వెళ్ళారు.

విచారణ గురువుల పాలకుడైన పునీత జాన్ మరియ వియాన్నీ గారికి లతీను పాఠాలు ఎంతకూ ఎక్కలేదు. లియోన్ సెమినరీ వారు ఇంటికి పంపివేశారు. విచారణ గురువు బాలే గారు మాత్రం తన దగ్గర కూర్చోబెట్టుకొని మళ్ళీ చదివించారు. 1815లో ఆయన గురువయ్యారు. చదువు రాలేదన్నది నిజమే. విడిచిపెట్టని మనిషి ఒకరు పక్కన ఉన్నారన్నదీ నిజమే.

బిడ్డ తిండి, నిద్ర మానేసినా, బ్రతకడం ఎందుకని ఒక్కమాట అన్నా, మార్కుల సంగతి పక్కన పెట్టండి. ఆ రోజే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళండి. ప్రభుత్వ టెలీ మానస్ సహాయ నంబరు 14416.

ఆ కుర్రవాని వెంట నేనూ వాళ్ళింటికి వెళ్ళాను. సంగతి విన్నాక తల్లి కళ్ళు ఒత్తుకుంటూ వంటింట్లోకి వెళ్ళింది. తండ్రి చాలాసేపు మాట్లాడలేదు. నాకూ ఏమి చెప్పాలో తోచలేదు. చివరికి ఆయనే, “ఏడూ ఒక్కసారే వ్రాయాలా, రెండు మూడు చొప్పున వ్రాయవచ్చా?” అని అడిగాడు.

కుర్రవాడు లేచి కాగితం, పెన్ను తెచ్చాడు.