సొగసు - వెల

అల్పాదాయము గల సంసారి తన యింటిని సొగసుగా నుంచుకొనవచ్చునా, కూడదా యను ప్రశ్న వినుటకు చిన్నదిగా తోచును. తిండికిని బట్టకును తడుముకొనువారు ఇంకను ఎందరో యున్న దేశములో గోడల రంగులను గూర్చియు చీర యంచులను గూర్చియు చర్చ యేల యని కొందరు పెద్దలు చిరాకు పడుదురు. మేము మాత్రము దీనిని ధర్మవిచారమునకు తగిన ప్రశ్నగనే యెంచుచున్నాము. ఏలయన, నేడు మన పట్టణములందలి సామాన్య కుటుంబమునకు జరుగుచున్న బోధలలో మిక్కిలి బిగ్గరగా వినవచ్చునది యిదియే: కొలది డబ్బుతో గొప్పగా బ్రతుకుడు. అంగడివాడు దీనిని పలుకును. చేతిలోని ఫోను దినమునకు నూరు మారులు చూపును. పెండ్లికి వచ్చిన చుట్టము నోరు విప్పకయే కంటితో చెప్పును. ఇన్ని దిక్కుల నుండి వచ్చు బోధ మంచిదో చెడ్డదో తేల్చుకొనకుండుట వివేకులకు తగదు.

మొదట వైరాగ్యవాదులకు బదులు చెప్పవలసియున్నది. పేదవానికి శుభ్రత చాలును, అలంకారమేల యని వారందురు. మన పల్లెలలోని పూరిండ్లను చూచినవారెవ్వరును ఈ మాట అనజాలరు. పేడతో అలికిన నేల, ఎఱ్ఱమన్ను పూసిన అరుగు, దాని యంచున సున్నపు చార, గడపకు పసుపు, పండుగనాడు మామిడాకుల తోరణము - వీనిలో నేది లేకున్నను ఇంటివారు బ్రతుకగలరు. అయినను, గాదెలో గింజలు అడుగంటిన యింటి యిల్లాలు సైతము ధనుర్మాసమున తెల్లవారకముందే లేచి, పిడికెడు పిండితో వాకిలిని తీర్చిదిద్దును. ఆకలి యెరుగని చేయి కాదది. అయినను ఆ పిండిని వ్యర్థమని తలపదు. ఈ యింట మనుష్యులున్నారు, వారి బ్రతుకునకొక మర్యాద యున్నది యని ఆ ముగ్గు వీథికి తెలుపును. సొమ్ము లేకుండుట పేదవానికి ఇదివరకే కలిగియున్న లోటు. అందమును కూడ వదలుకొమ్మనుట మనము కోరి అతనికి కలిగించు రెండవ లోటు.

అట్లయిన అంగడివాని బోధయే ధర్మమా? ఇచ్చట సొగసునకును ఆడంబరమునకును గల భేదమును గుర్తింపవలెను. అమెరికా దేశపు అర్థశాస్త్రవేత్తయగు థార్‌స్టీన్ వెబ్లెన్ 1899లో ప్రకటించిన గ్రంథమున, కలవారు పెక్కు వస్తువులను వాడుకకై కాక తమ వ్యయశక్తిని పదిమందికి చూపుటకై కొందురనియు, తక్కువ తరగతులవారు పై తరగతివారి రీతిని అనుకరింప యత్నింతురనియు వివరించెను. ముగ్గు మాత్రము పదిమంది చూచుటకు కాదా యని యెవరైన అడుగవచ్చును. నిజమే. కాని పొరుగింటి ముగ్గును చూచి మనము దిగులుపడము. మరునాడు మరియొక ముగ్గు నేర్చుకొందుము. పొరుగింటికి వచ్చిన క్రొత్త సోఫాను చూచినప్పుడో, మన యింటి పాత కుర్చీ హఠాత్తుగా మనకు సిగ్గుచేటుగ కనబడును. చూచువానికి సంతసమును పంచునది సొగసు, వానిలో కొరతను పుట్టించునది ఆడంబరము. ఈ కొలతతో కొలిచినచో ఏ వస్తువు ఏ పక్షమున నిలుచునో తెలిసికొనుట కష్టము కాదు.

చవుక యను మాటనే యిప్పుడు విచారింతము. ఆడంబరము కూడ చవుకగా దొరకినచో నష్టమేమి యని నేటి గృహస్థు ప్రశ్నించుచున్నాడు. మాకు తోచినంతవరకు, చవుకగా వచ్చిన వస్తువుయొక్క వెల తరచుగా తగ్గదు. అది మరియొకరిపై పడును. ఎవరిపై పడుచున్నదని అడుగుటయే ఈ విషయమున ధర్మబుద్ధికి మొదటి పని.

కొన్ని మారులు అది రేపటి మనపైననే పడును. నెలకు 20,000 రూపాయలు వచ్చు గుమాస్తా 24,000 రూపాయల సోఫాను వాయిదాలపై కొనెననుకొందము. నెలకు 2,300 చొప్పున పండ్రెండు నెలలు కట్టినచో మొత్తము 27,600 అగును. అధికముగా పోయిన 3,600 రూపాయలు పెద్ద నష్టము కాకపోవచ్చును. కాని ఆ పండ్రెండు నెలలలో పిల్లవానికి జ్వరము వచ్చిననో, యజమాని జీతము ఆపిననో, ఆ సోఫాపై కూర్చుండియే అతడు అప్పునకు మరియొక యప్పు వెదకును. అతిథి కొరకు కొన్న ఆసనముపై అప్పులవాడు వచ్చి కూర్చుండును. రేపటి యన్నమును అమ్మి నేటి గదిని నింపుట పొదుపు కాదు.

కొన్ని మారులు ఆ వెల, వస్తువును చేసినవారిపై పడును. 2013 ఏప్రిల్ 24వ తేదీన బంగ్లాదేశములో ఢాకా చేరువనున్న సావారులో రాణా ప్లాజా యను ఎనిమిదంతస్తుల భవనము కూలి, వేయిన్నూరుమందికి పైగా మరణించిరి. వారిలో పెక్కుమంది పరదేశపు అంగళ్లలో చవుకగా అమ్ముటకై దుస్తులు కుట్టుచుండినవారు. గోడలకు పగుళ్లు ముందునాడే కనబడినను వారిని మరునాడు పనికి రప్పించిరి. ఆ చొక్కాలను కొన్నవారు చెడ్డవారు కారు. పిల్లలకు పండుగబట్ట తక్కువకు దొరకినదని సంతసించిన తల్లిదండ్రులే వారిలో పెక్కురై యుందురు. చీటీపై వ్రాసిన వెలలో కుట్టినవారి ప్రాణభయము లెక్కకు రాదు. దానిని లెక్కించుటకు కొనువాడు కొంచెము నిలిచి ఆలోచింపవలసియుండును.

దూరదేశమువరకు పోనక్కరలేదు. పోచంపల్లి పద్ధతిలో నూలును నేయుటకు ముందే చిత్తువునకు తగినట్లు ముడులు గట్టి రంగులో ముంచుదురు. ముడులు కట్టుటకు ముందు దారమును అర్ధచంద్రాకారముగ నాటిన మేకుల చుట్టును వరుసగా త్రిప్పవలెను. దీనినే ఆసుపోయుట యందురు. ఒక్క చీరకే చేయి వేలమారులు ఇటునటు కదలవలెను. తరతరములుగ ఈ పని నేతయింటి స్త్రీలదే. భుజపు నొప్పియు వారిదే. తన తల్లి పడిన బాధను చూచి, నేత కుటుంబమున పుట్టిన చింతకింది మల్లేశము గారు పెక్కేండ్లు శ్రమించి 1999లో ఆసుపోయు యంత్రమును సిద్ధపరచిరి. 2017లో భారతప్రభుత్వము వారికి పద్మశ్రీ నొసగినది. వస్తువును తేలికగా చేయుటకు రెండు త్రోవలున్నవని ఈ కథ తెలుపుచున్నది. పనివారి కూలిని కోయుట యొకటి. పనిలోని బాధను తగ్గించుట మరియొకటి. మొదటి త్రోవను వచ్చిన చవుకతనము నింద్యము. రెండవదానిని వచ్చినది వంద్యము.

ఇక వెల పడుచోటు మరియొకటి గలదు. అది మన యింటిలోనిదే గనుక మనకు కనబడదు. కొలది ఖర్చుతో ఇంటిని తీర్చుకొనుడని బోధించువారందరును ఇల్లాలి దినమునకు వెల లేదనియే తలంతురు. పాత చీరలను బొంతగా కుట్టుము, అటుకు మీది యిత్తడిని చింతపండుతో తోముము, తెరలను నీవే కుట్టుము, వచ్చినవారు మెచ్చునట్లు గదిని సర్దుము - ఈ పనులన్నియు ఖర్చు లేనివే! ఆమె తనకు తోచి, తనకు ప్రీతియై కుట్టిన బొంతకంటె సొగసైన వస్తువు ఏ యంగడిలోను దొరకదు. కాని వంటయు, పిల్లల చదువును, పెక్కిండ్లలో బయటి యుద్యోగమును మోసి వచ్చిన స్త్రీ, మగని స్నేహితులయెదుట ఇంటి ప్రతిష్ఠ నిలుపుటకై నిద్ర మాని గోడలు తుడుచుట అలంకారము కాదు, వెట్టి. ఇల్లు సొగసుగా నుండవలెనని కోరు పురుషుడు చీపురు పట్టుటకు సిద్ధపడవలెను. లేనిచో ఆ కోరిక యతనికి తగదు.

ఇచ్చట ఒక గట్టి యాక్షేపణ యున్నది. చేనేత బట్ట చేయువానికి అన్నము పెట్టును, నిజమే. కాని దాని వెలకు నిలువలేని కూలిపని స్త్రీ మరబట్టను కట్టుకొనుచున్నది. అది ఉతికిన వెంటనే ఆరును, ఏండ్ల తరబడి చినుగదు, ఇస్త్రీ కోరదు. ఆమెకు ధర్మోపదేశము చేయు నధికారము మనకెక్కడిది? 1921 సెప్టెంబరులో మధురలో గాంధీమహాత్ముడు కొల్లాయికి మారుటకు గల కారణములలో, ఖద్దరు కొనుటకు మాకు సొమ్ము చాలదని పేదలు చెప్పిన మాటయు నొకటి. వారు ఇతరులకు బోధించుటకు ముందు తమ బట్టను తగ్గించుకొనిరి. బోధకుల త్రోవ అట్లుండవలెను. బట్టకు వాడుక చూచుకొని కొన్న కూలిపని స్త్రీ ఏ తప్పును చేయలేదు. పదిచీరలు పెట్టెలో మురుగుచుండగా, వెల తక్కువని పదునొకండవదానిని కొను మధ్యతరగతి గృహమే ఈ ప్రశ్నకు జవాబు చెప్పవలెను. కర్మశాలలో గోడ కూలకుండ చూచు భారము మాత్రము కొనువారిది కాదు, యజమానులదియు శాసనకర్తలదియు. మన పొదుపును వారి బాధ్యతకు మారుగా నిలుపరాదు.

కావున గృహస్థునకు మేము చెప్పగల సూత్రము కఠినమైనది కాదు. తక్కువ వస్తువులు, ఎక్కువ కాలము. సంవత్సరమునకు ఆరు చొక్కాలు కొనువాడు మూడింటితో సరిపెట్టుకొన్నచో, ఆ మూడింటిలో నొక్కటియైనను నేతవానికి గిట్టుబాటగు వెలకు కొనగలుగును. గోడ నిండ అచ్చుబొమ్మలు తగిలించుటకంటె తెల్లని సున్నపు గోడ యెదుట ఒక్క కొండపల్లి బొమ్మ యుండుట మేలు. తేలికయైన పొణికి కఱ్ఱను చెక్కి, చింతగింజల పిండియు రంపపు పొట్టును కలిపిన ముద్దతో అవయవములను అతికి, దానిని చేసినవారి చేయి ఆ బొమ్మలో కనబడును. విరిగిన కుర్చీకి వడ్రంగిని పిలుచుట, వదులైన రవికను కుట్టించుట, కిటికీకి అడ్డముగానున్న సామానును తీసి వెలుతురును లోనికి రానిచ్చుట - వీనిలో నేదియు అప్పు కోరదు, ఎవరి కడుపును కొట్టదు.

పిల్లలు మన మాటలకంటె మన యింటి వస్తువులనుండి యెక్కువ నేర్చుకొందురు. వచ్చినవారికి చూపుటకై బీరువాలో దాచిన పింగాణి పాత్రలను చూచి పెరిగిన బిడ్డ, మంచివి పరులకొరకనియు తాను తక్కువవాడననియు గ్రహించును. ఏదో యొక్క మంచి గిన్నెలో దినదినమును అన్నము తిని పెరిగిన బిడ్డ, తాను మన్నింపదగినవాడనని గ్రహించును. ఆ గిన్నెను చేసినవానికిని, దానిని కడిగినవారికిని అదే మన్నన చెల్లవలెనని కూడ ఆ యింటనే నేర్పగలిగినచో, ఆ యింటి సొగసు అంతటితో సార్థకమైనదని మా నమ్మకము.