ఉండాలా పోవాలా అని ఎవర్ని అడిగారు?

2016 జూన్ 24 పొద్దున బ్రిటన్ వార్త వచ్చింది. యూరోపియన్ యూనియన్‌లో ఉండటమా, బయటికి పోవడమా అని జనాన్ని అడిగితే నూటికి 52 మంది పోదామన్నారు. ఒకే వార్తను ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి రాయడం నాకు అలవాటైన పనే. ఉర్దూ హెడ్డింగుకి మాట వెంటనే దొరికింది: అలాహిదగీ. రాసి ఆగిపోయాను. మన దేశంలో ఆ మాటకొక తోకుంది. అలాహిదగీ పసంద్ అంటే వేర్పాటువాది. అది ఎన్ని వార్తల్లో ఎవరెవరి పేర్ల పక్కన రాశానో నాకే లెక్క లేదు. తెలుగులో 2009 నుంచి 2014 దాకా తెలంగాణ అడిగినవాళ్లని కూడా అదే మాటతో తిట్టారు. బ్రిటన్‌లో 1 కోటి 74 లక్షల మంది అలాహిదగీ కావాలని ఓటేస్తే మాత్రం వాళ్లని వేర్పాటువాదులని రాసిన పేపరు నాకు కనబడలేదు. ఒకడు విడిపోతానంటే అది ప్రజాభిప్రాయం, ఇంకొకడు విడిపోతానంటే ద్రోహం. ఈ తేడా చేసేదెవరు?

ఆ రోజంతా నన్ను తొలిచిన ప్రశ్న మాత్రం ఇది కాదు. అది సాయంత్రం ఫోన్లో వచ్చింది.

మా ఖాలా కొడుకు, నాకన్నా అయిదేళ్లు పెద్ద, 2003లో నల్లగొండ నుంచి వెళ్లి లూటన్‌లో ఒక రెస్టారెంటు వంటింట్లో కుదురుకున్నాడు. శాశ్వతంగా ఉండిపోవడానికి అనుమతి వచ్చింది, పాస్‌పోర్టు మాత్రం ఇండియాదే. "నేనూ ఓటేశారా" అన్నాడు భాయిజాన్. నాకు నమ్మకం కుదరలేదు. మీ పాస్‌పోర్టు మనదే కదా, మీకు ఓటెక్కడిది అన్నాను. ఉందట. ఆ దేశంలో కామన్‌వెల్త్ పౌరులకు, అంటే ఒకప్పుడు వాళ్లు ఏలిన దేశాలవాళ్లకు, అక్కడ నివాసం ఉంటే ఓటుంది. ఇండియావాడు, పాకిస్తాన్‌వాడు, బంగ్లాదేశ్‌వాడు వేయొచ్చు. అదే వీధిలో పదేళ్లుగా ఉంటున్న పోలండ్‌వాడు, ఫ్రాన్సువాడు, రుమేనియావాడు వేయకూడదు. ఐర్లండ్, మాల్టా, సైప్రస్ వాళ్లకు తప్ప యూరప్ పౌరులెవరికీ ఆ రోజు ఓటు లేదు. రెండేళ్ల కిందట, 2014లో స్కాట్లండ్ విడిపోవాలా వద్దా అని ఓటింగు పెట్టినప్పుడు అక్కడ నివసించే యూరప్ వాళ్లందరికీ ఓటిచ్చారు, 16 ఏళ్ల పిల్లలకూ ఇచ్చారు. కాబట్టి ఇవ్వడం సాధ్యం కాక ఇవ్వలేదని అనలేం.

"ఎటేశారు భాయిజాన్?"

"పోవాలనే వేశా."

నాకు కోపం వచ్చింది. ఓటింగుకి వారం ముందు, జూన్ 16న, విడిపోవాలనే పార్టీ నాయకుడు నైజెల్ ఫరాజ్ ఒక పోస్టరు విడుదల చేశాడు. స్లొవేనియా సరిహద్దులో నడిచి వస్తున్న శరణార్థుల బారు, మనలాంటి మొహాలు. అదే రోజు మధ్యాహ్నం జో కాక్స్ అనే ఎంపీని, వలసవాళ్ల పక్షాన, కలిసి ఉండటం పక్షాన మాట్లాడే మనిషిని, పట్టపగలు వీధిలో చంపేశారు. టర్కీ యూనియన్‌లోకి వచ్చేస్తోంది, 7 కోట్ల 60 లక్షల మంది అంటూ ఇంకో పోస్టరు. 1987లో దరఖాస్తు పెట్టుకుని గుమ్మం బయటే నిలబడ్డ టర్కీ! ఈ గుంపుకా మీ ఓటు అన్నాను.

"అరే, నా పక్కన పోలండోడు గిన్నెలు కడుగుతాడు. మంచోడు. వాడి బీవీ ఐడీ కార్డు చూపించి బస్సు దిగింది. నా బీవీని తెచ్చుకోవాలంటే ఏడాదికి 18,600 పౌండ్ల జీతం చూపించమన్నారు. చూపించలేక రెండేళ్లు ఆమెని నల్లగొండలో కూర్చోబెట్టాను. ఇప్పుడు చెప్పు, ఎవడి యూనియన్‌రా ఇది?"

జవాబు దొరకలేదు. 18,600 లెక్క నిజమే, 2012 జూలైలో పెట్టారు. యూరప్ పౌరుడికి అది వర్తించదు. ఇంకా వెనక్కి పోతే భాయిజాన్ కోపానికి పాత తారీఖు ఒకటి దొరుకుతుంది. 1973 జనవరి 1న బ్రిటన్ యూరప్ కూటమిలో చేరింది. సరిగ్గా అదే రోజు, 1971లో చేసిన వలస చట్టం అమల్లోకి వచ్చింది, కామన్‌వెల్త్ నుంచి వచ్చేవాళ్లకు దారి బాగా ఇరుకు చేసిన చట్టం. యుద్ధం తర్వాత తమ బట్టల మిల్లులకూ బస్సులకూ ఆస్పత్రులకూ పిలిపించుకున్న మనుషులకు ఒక తలుపు వేసిన రోజే ఇంకో వైపు తలుపు తీశారు. కొత్తగా వచ్చేవాళ్లు తెల్లవాళ్లు. భాయిజాన్ ఈ చరిత్ర చదవలేదు. వంటింట్లో తెలుసుకున్నాడు.

అలా ఓటేసింది ఆయనొక్కడే అనుకోకండి. ఆ రోజు తీసిన ఒక సర్వేలో ముస్లింలు పదిమందిలో ఏడుగురు ఉండాలనే వేశారని తేలింది. కానీ మనవాళ్లు బాగా ఉండే లూటన్, స్లౌ, బ్రాడ్‌ఫర్డ్ మొత్తం మీద పోవాలనే అన్నాయి. మంత్రి ప్రీతి పటేల్ కర్రీ రెస్టారెంట్లను కాపాడుకుందాం, యూరప్ వాళ్లు తగ్గితే మన ఉపఖండం వంటవాళ్లకు వీసాలు దొరుకుతాయి అని ప్రచారం చేశారు. ఆశ చూపిస్తే ఎవరు నమ్మరు?

ఆ రెస్టారెంట్ల సంగతి వచ్చింది కాబట్టి ఒక మాట. ఇండియన్ రెస్టారెంటని బోర్డున్నా, వాటిలో ఎక్కువ భాగం నడిపేది సిల్హట్ ముస్లింలు. భాయిజాన్ యజమానిదీ సిల్హటే. ఈ సిల్హట్‌ని కూడా ఒకసారి ఇదే ప్రశ్న అడిగారు. 1947 జూలై 6, 7 తేదీల్లో. అస్సాంతో ఇండియాలో ఉంటారా, తూర్పు బెంగాల్‌తో పాకిస్తాన్‌కి పోతారా? దేశాన్ని ముక్కలు చేస్తూ ఆ నెలలో జనాన్ని నేరుగా అడిగింది సిల్హట్‌లోనూ, వాయవ్య సరిహద్దు రాష్ట్రంలోనూ మాత్రమే. మిగతా వాళ్లకి గీత గీసి చెప్పారు. సిల్హట్‌లో 2 లక్షల 39 వేల చిల్లర పోదామన్నారు, 1 లక్షా 84 వేలు ఉందామన్నారు. అక్కడి టీ తోటల కూలీలకు మాత్రం ఓటు లేదు. వాళ్లు స్థిరంగా ఉండే జనం కాదన్నారు. తరతరాలుగా ఆ తోటల్లోనే పుట్టి, ఆకు తెంపి, అక్కడే చచ్చినవాళ్లు! బీహార్ నుంచి, ఒరిస్సా నుంచి, మన తెలుగు జిల్లాల నుంచి కూడా తోలుకుపోయిన జనం. ఇప్పటికీ బంగ్లాదేశ్ టీ తోటల్లో తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. వాళ్లు ఏ దేశంలో ఉండాలో పక్కవాళ్లు తేల్చారు.

1947లో సిల్హట్ టీ కూలీ. 2016లో లూటన్‌లో గిన్నెలు కడిగే పోలండ్‌వాడు. నా ప్రశ్న ఇక్కడుంది. ఒక జాతికి విడిపోయే హక్కు ఉందా అంటే ఉంది అంటాను, తడుముకోను. కానీ ఆ ఊళ్లోనే బతుకుతూ, ఆ జాతిలో లెక్కకు రానివాణ్ణి పక్కన కూర్చోబెట్టి ఆ హక్కు వాడుకుంటే దాన్ని న్యాయం అనగలమా?

మా సెక్యులర్ మిత్రులకు ఈ విషయంలో ఇంత తికమక లేదు. యూనియన్ అంటే ప్రగతి, పోదామన్నవాడు జాత్యహంకారి, అంతే. నేను అంత తేలిగ్గా ఒప్పుకోలేను. 1975లో ఇదే ప్రశ్న మీద బ్రిటన్‌లో ఓటింగు జరిగితే పోదామన్నవాళ్లలో టోనీ బెన్ లాంటి వామపక్ష నాయకులున్నారు. మనం ఎన్నుకోనివాళ్లు మన చట్టాలు చేయడమేమిటి అన్నది వాళ్ల ప్రశ్న, అది మంచి ప్రశ్న. 2015 జూలై 5న గ్రీసు జనం నూటికి 61 మంది అప్పులవాళ్ల షరతులు వద్దన్నారు, పది రోజులు తిరక్కముందే వాళ్ల ప్రభుత్వం అంతకన్నా కఠినమైన షరతులకు తల వంచింది. 2017 మార్చిలో ఆ యూనియన్ కోర్టే, మతచిహ్నాలన్నిటినీ వద్దనే నియమం ఉంటే ఆఫీసులో తలగుడ్డ కట్టుకోవద్దని యజమాని అనొచ్చునని తీర్పు చెప్పింది. ముస్లిం ఆడపిల్లకు ఆ యూనియన్ చల్లని నీడేమీ కాదు.

అయినా నా మనసు ఉండటం వైపే ఎందుకు మొగ్గిందా అని ఆలోచించాను. యూరప్‌లో అందరికన్నా ఎక్కువమంది ఉన్న జర్మన్లు కూడా మొత్తంలో అయిదో వంతు లేరు. అందరూ మైనారిటీలే అయినచోట మైనారిటీగా ఉండటం కొంచెం సులువు. విడిపోయి చిన్న ఇల్లు కట్టుకున్నాక ఆ ఇంట్లో మళ్లీ ఒక మెజారిటీ పుడుతుంది, మిగతావాళ్లు దాని మొహం చూసి బతకాలి. పాతబస్తీలో ఈ వాదన నేను ముందే విన్నాను. శ్రీకృష్ణ కమిటీ ముందు మజ్లిస్ పార్టీ సమైక్య రాష్ట్రమే మేలంది, విడదీయక తప్పదంటే రాయలసీమను కలిపిన తెలంగాణ ఇమ్మంది. అది పిరికితనమని అప్పుడు నేను విమర్శించాను. తెలంగాణ కోసం ఊరేగింపుల్లో నడిచిన ముస్లిం యువకుల్లో నేనూ ఉన్నాను. ఇంటి దగ్గర విడిపోదామన్నవాణ్ణి, లండన్ దగ్గరకొచ్చేసరికి కలిసి ఉండమంటున్నాను. ఈ రెండూ ఒకే మనిషి ఎలా అన్నాడని భాయిజాన్ అడిగితే నా దగ్గర సరైన జవాబు లేదు. భయం ఒకచోట నాది కాదు, ఇంకోచోట నాది, అంతకన్నా ఏం చెప్పను?

ఫలితం వచ్చిన తర్వాత వారం పోలండ్ వాళ్లు విన్న మాట మనకు కొత్తది కాదు. మీ దేశం పో. లండన్ హామర్‌స్మిత్‌లో పోలండ్ వాళ్ల సాంస్కృతిక కేంద్రం గోడ మీద బూతు రాశారు. ఇంగ్లండ్, వేల్స్‌లో జాతి, మత విద్వేష నేరాలు 2016 జూలైలో, అంతకు ముందు జూలై కన్నా నూటికి 41 పెరిగాయని వాళ్ల హోం శాఖే లెక్క చెప్పింది. తెల్ల చర్మం ఆ వారం వాళ్లకు అక్కరకు రాలేదు.

పేపర్లన్నీ దీన్ని విడాకులన్నాయి. తలాఖ్ గురించి మాకు పాఠాలు చెప్పే లోకం కదా, నేను కొంచెం ఆసక్తిగానే చూశాను. ఇద్దత్ లాగా రెండేళ్ల గడువు పెట్టుకున్నారు, ఇవ్వాల్సిన డబ్బు లెక్క తేల్చుకున్నారు. మరి పిల్లలు? 2017 మార్చి 1న అక్కడి ఎగువ సభ, దేశంలో ఉంటున్న యూరప్ వాళ్ల హక్కులకు ముందే హామీ ఇవ్వాలని 358 ఓట్లతో బిల్లును సవరించింది. 13వ తేదీన దిగువ సభ ఆ సవరణను 335 ఓట్లతో కొట్టేసింది. ఆ మనుషుల బతుకులు బేరంలో చేతికింద ఉంచుకోవాలి కాబట్టి. చివరికి అందరూ మళ్లీ దరఖాస్తు పెట్టుకోండి, 2021 జూన్ 30 ఆఖరు తేదీ అన్నారు. 30 లక్షల మంది ఉంటారనుకుంటే 50 లక్షలు దాటారు. తమ ఇళ్లలో ఎంతమంది ఉన్నారో తెలియకుండానే ఉండాలా పోవాలా అని ఓటింగు పెట్టారన్నమాట. 2019 ఆగస్టులో అస్సాం జాబితాలో 19 లక్షల పేర్లు లేకుండా పోవడం చూసినవాళ్లం, కాగితం కోసం క్యూలో నిలబడటం ఏమిటో మనకెవరూ చెప్పనక్కర్లేదు.

ఉత్తర ఐర్లండ్ గురించి కూడా చెప్పాలి. అక్కడ నూటికి 56 మంది ఉందామన్నారు, అయినా బయటికి పోవాల్సి వచ్చింది. కానీ 1998 ఒప్పందంలో అక్కడి మనిషికి ఒక హక్కు రాసిచ్చారు. నువ్వు ఐరిష్ అనుకుంటే ఐరిష్‌వి, బ్రిటిష్ అనుకుంటే బ్రిటిష్‌వి, రెండూ అనుకుంటే రెండూ. మూడు దశాబ్దాలు చంపుకున్న తర్వాత వాళ్లకు తట్టిన మాట ఇది. ఉర్దూలో కలలు కని తెలుగులో జీతం తీసుకునే నాలాంటివాడికి ఆ 'రెండూ' అన్న మాట కన్నీళ్లు తెప్పిస్తుంది. బ్యాలెట్ కాగితం మీద రెండు గళ్లే ఉంటాయి. రెండూ అని రాయడానికి చోటుండదు.

2020 జనవరి 31న బ్రిటన్ బయటికి వచ్చింది. భాయిజాన్ ఆశ పూర్తిగా అబద్ధమేమీ కాలేదు. 2021 తర్వాత యూరప్ నుంచి వచ్చేవాళ్లు తగ్గి, మన దేశం నుంచి చదువులకీ ఉద్యోగాలకీ పోయినవాళ్లు బాగా పెరిగారు, మన తెలుగు పిల్లలు వాళ్లలో చాలామంది. ఆ వెనకే 2024 జనవరి నుంచి, పరిశోధనకు వచ్చినవాళ్లు తప్ప మిగతా విద్యార్థులు కుటుంబాన్ని తెచ్చుకోకూడదన్నారు. ఏప్రిల్‌లో బీవీని పిలిపించుకునే లెక్కను 18,600 నుంచి 29,000 పౌండ్లకు పెంచారు. ఇప్పుడది కొత్తగా వచ్చే పోలండ్‌వాడికీ వర్తిస్తుంది, నల్లగొండవాడికీ వర్తిస్తుంది.

ఆ వార్త రాసిన రాత్రి నేనే ఫోన్ చేశాను. పక్కన గిన్నెలు కడిగే అతను ఎలా ఉన్నాడని అడిగాను. 2018లోనే సామాను సర్దుకుని పెళ్లాంబిడ్డలతో వాళ్ల ఊరు వెళ్లిపోయాడట.

"ఎటు ఓటేశారో అతనికి చెప్పారా భాయిజాన్?"

"అడిగాడు. వేయలేదని చెప్పా" అన్నాడు.